ఎడమ భుజం మీది పువ్వు

1961 జూన్ 19

ఈ నోటుబుక్కు కదిరమ్మ ఇచ్చింది. అనంతపురం కాలేజీలో పి.యు.సి. చదివేటప్పుడు కొన్నదట, వాడకుండా మిగిలిపోయింది. వదినా, చదివిందంతా మరిచిపోతాండావు, దినామూ నాలుగు మాటలు రాయి, ఎవురూ చూడరులే అంది. ఏం రాయాలని అడిగాను. నాకు చెప్పేవి రాయి, చెప్పనివి కూడా రాయి అంది.

నేను ముదిగుబ్బలో ఐదో తరగతి దాకా చదివాను. పెళ్లై ఈ ఊరికి వచ్చి నాలుగేళ్లు. కదిరమ్మ నా ఆడబిడ్డ. ఆమెకు పద్దెనిమిది, నాకు ఇరవై. ఈ ఇంట్లో అందరూ పని చెప్పడానికే నాతో మాట్లాడతారు. ఆమె ఊరికే మాట్లాడుతుంది.

జూన్ 22

కర్నూలు మెడికల్ కాలేజీ నుంచి రిజిస్టర్ లెటర్ వచ్చింది. కదిరమ్మకు సీటు. టపా నారాయణప్ప నల్లమాడ నుంచి ఎండలో సైకిల్ తొక్కుకుంటూ తెచ్చాడు. ఇంగ నా మోకాలి నొప్పికి కదిరిదాకా పోయే పని లేదు, మన డాక్టరమ్మే చూస్తాది, ఏమప్పా అన్నాడు మామతో. ముందు సదవనీప్పా, అంతలోపల నీ మోకాలుంటాదో లేదో అన్నాడు మామ. ఈ ఎండాకాలంలో మామ నవ్వడం ఇదే మొదటిసారి.

కదిరమ్మ నేరుగా వంటింట్లోకి వచ్చి లెటర్ నా చేతిలో పెట్టింది. ఎందుకో చెప్పకపోయినా నాకు తెలుసు. రెండేళ్ల కింద నాకు నొప్పులొచ్చినప్పుడు ఎద్దులబండిలో కదిరికి తీసుకుపోయారు. బండిలో నా తల ఆమె ఒళ్లో ఉంది. బిడ్డ దారిలోనే పోయాడు. ఆ రోజు నుంచి ఆమెకు డాక్టరు చదువు తప్ప వేరే మాట లేదు.

జూన్ 27

ఇంకో లెటర్. ఇది రాయవేలూరు మిషన్ కాలేజీది. మే నెలలో ఆయన వెంట ఇంటర్వ్యూకు పోయి వచ్చింది. ఆయన అంటే నా పెనిమిటి. ఎవరూ చూడని పుస్తకంలో కూడా పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

రెండు కాలేజీలకూ జూలై పదో తేదీ లోపల జవాబు రాయాలట. ఒకదానికి వస్తానని, ఒకదానికి రానని.

కదిరమ్మకు రాయవేలూరే కావాలి. ఆడ కాన్పుల వార్డే మన ఊరంత ఉండాది వదినా, ఆడడాక్టర్లు ఎంతమందో, కడుపు కోసి తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ బతికిస్తాండారు, నా కండ్లతో చూసినా అంది. చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. నొప్పి పుట్టేలా పట్టుకుంది.

జూన్ 28

పొద్దుటి నుంచి ఇంట్లో వాదులాట.

అత్తకు కర్నూలు కావాలి. అత్త తమ్ముడు రంగన్నకు అక్కడ సెనక్కాయల మండీ ఉంది. పిల్ల మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటుంది, పండగకూ పబ్బానికీ వస్తుంది. రాయవేలూరులో హాస్టల్లోనే ఉండాలి. ఏడాదికోసారి ఇంటికి. ఆడికి పంపితే నా బిడ్డ నాకు దక్కదు, తెల్లచీర కట్టుకోని, కిరస్తానోళ్ల పాటలు పాడుకుంటా ఆడే ఉండిపోతాది అంది అత్త. చదువు ఆడనే బాగుంటాదంట కదమ్మా అన్నాడు ఆయన. నీకేం తెలుసురా, పోయి గొర్రెల్ని చూసుకోపో అంది. ఆయన పోయాడు.

నేను రాగులు విసురుతున్నాను. అత్త మామతో అన్న మాట అప్పుడు చెవినబడింది. కర్నూలైతే మొదటి సంవత్సరం తోడుగా కోడల్ని కూడా పంపుదాం, వంటకూ గింటకూ ఉంటాది అంది.

నా చెయ్యి ఆగిపోయింది. ఏమ్మే, కూసోనే నిద్రపోతాండావా అని అత్త అరిచింది. మళ్లీ తిప్పాను.

జూన్ 29, మధ్యాహ్నం

అందరూ పడుకున్నారు.

బావి ఎండి మూడు నెలలు. వంకలో ఇసుక తీసి, చెలమలో ఊరిన నీళ్లు చిప్పతో ఎత్తుకోవాలి. చిప్ప మునిగేంత ఊరేదాకా కూర్చోవాలి. ఒక్క బిందెకు సగం పొద్దు పోతుంది. కర్నూలులో రంగన్న ఇంట్లో కొళాయి ఉందట. తిప్పితే వస్తాయట.

నిన్నటి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను. కొళాయి ఒక్కటే కాదు. కదిరమ్మ చదువుకుంటుంది, నేను వండి పెడతాను. అక్కడ బిడ్డను మింగినదని నన్ను ఎవరూ అనరు. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు.

రాయవేలూరైతే ఆమె పోతుంది. నేను చెలమ దగ్గర కూర్చుంటాను.

ఇది కదిరమ్మకు చెప్పలేదు. ఇక్కడ రాశాను.

జూలై 2

రంగన్న వచ్చాడు. రంగన్న కోసం వరి అన్నం వండాం. ఏమ్మే డాక్టరమ్మా, మీ అంజినప్పబావకు వారం దినాల నుంచి తుమ్ములు, ఏం మందిస్తావు అని ఆటపట్టించాడు. అంజినప్ప రంగన్న కొడుకు. మిరపకాయ పొగ పెట్టు మామా, మిగిలినవన్నీ ఒగేసారి తుమ్మేస్తాడు అంది కదిరమ్మ. అత్త కూడా నవ్వింది.

మామ ఎటూ తేల్చలేకపోయాడు. ఒకవైపు పెళ్లాం, బావమరిది. ఒకవైపు కూతురు. చివరికి, మంగళవారం చౌడమ్మను అడుగుదాం అన్నాడు.

ఈ ఇంట్లో పెద్ద మాట ఏదైనా అట్లే తేలుతుంది. మా చేని గట్టున చౌడమ్మ రాయి ఉంది. ఆమెకు నీళ్లు పోసి రెండు భుజాల మీద తడి పువ్వులు అంటిస్తారు. కుడి భుజానికి ఒక మాట, ఎడమ భుజానికి ఒక మాట. ఏ పువ్వు ముందు పడితే అది అమ్మ ఇచ్చిన మాట. ఇంక తిరుగులేదు. నన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నదీ అట్లే.

పువ్వులు అంటించేది ఇంటి కోడలు.

జూలై 3

నీళ్లకు పోతుంటే కదిరమ్మ వెంట వచ్చింది. చెలమ దగ్గర గన్నేరు పువ్వు ఒకటి తడిపి నా బిందెకు అంటించింది. పట్టుకునేది అమ్మ కాదు వదినా, నీళ్లు అంది. తడి ఎక్కువుంటే అంటుకోని ఉంటాది, తక్కువుంటే ఆరిపోయి రాలుతాది, చూడు. చూశాను. నిజమే.

రాయవేలూరు ఎడమ భుజం. ఎడమదానికి నీళ్లు తక్కువ అద్దు, అంతే నువ్వు చేయాల్సింది అంది. అమ్మకు కోపం రాదా అన్నాను. అమ్మ యాడుందో చూపియ్యి, కాళ్లు మొక్కి తప్పయిందని చెప్తా అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నువ్వు తప్ప నాకెవురూ లేరు వదినా అంది.

సరే అన్నాను. అన్నప్పుడు నిజంగానే సరే అనుకున్నాను.

జూలై 4, పొద్దున

ఒక్కపొద్దు ఉన్నాను. రంగన్న ఉన్నాడని మూడు రోజులుగా వరి అన్నమే. గంజి పారబోయలేక కదిరమ్మ చీరకు పెట్టి ఆరేశాను.

జూలై 4, మధ్యాహ్నం

చేసింది రాస్తున్నాను.

చీర ఆరేశాక గిన్నె అడుగున చిక్కటి గంజి మిగిలింది. రెండు వేళ్లతో గీకి ఆకులో మడిచి కొంగున ముడేసుకున్నాను. ఎందుకని నన్ను నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పవలసి వచ్చేది.

చౌడమ్మ దగ్గర అందరూ నా వెనక నిలబడ్డారు. నా వీపే వాళ్లకు కనబడేది. అమ్మకు నీళ్లు పోశాను. పసుపు రాశాను. కుంకుమ పెట్టాను. ఎడమ పువ్వు వెనక గంజి పూసి అంటించాను. కుడి పువ్వును చెంబులో ముంచినట్టే ముంచి విదిలించి అంటించాను. పక్కకు తప్పుకున్నాను. కదిరమ్మ నా వైపు చూసి కళ్లతో నవ్వింది.

మామ కర్పూరం వెలిగించాడు. తల్లీ, కర్నూలైతే కుడి పువ్వియ్యి, రాయవేలూరైతే ఎడమ పువ్వియ్యి, నా బిడ్డకు ఏది మంచిదో నీకే తెలుసు అన్నాడు. అప్పుడైనా నేను ముందుకు పోయి, తల తిరుగుతున్నదని పువ్వుల మీద పడి ఉంటే సరిపోయేది. పోలేదు.

గాలి లేదు. ఎండ రాతి మీదే ఉంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. కుడి పువ్వు అంచు లేచింది. తర్వాత పడింది.

అత్త కేక పెట్టింది. రంగన్న చెంపలేసుకున్నాడు. మామ నేల మీద బోర్లా పడి మొక్కాడు. కదిరమ్మ మాత్రం కదల్లేదు. ఎడమ పువ్వునే చూస్తూ ఉంది. అది కూడా పడుతుందని ఇంకా ఎదురుచూస్తున్నట్టు.

జూలై 5

ఎడమ పువ్వు ఎండి రాతికి అతుక్కుపోయింది. దీపం పెట్టడానికని పోయి గోరుతో గీకాను. రేకులు వచ్చాయి. తెల్లమరక రాలేదు. దాని మీద పసుపు పూశాను.

జూలై 6

కదిరమ్మ అడిగింది. నేను చెప్పినట్టే చేసినావు కదా వదినా?

ఊ అన్నాను.

ఎడమదానికి నీళ్లు తక్కువే అద్దినావు కదా?

ఊ అన్నాను.

అంత తక్కువ తడితో అది పట్టుకోనుండాదంటే, పట్టుకున్నోళ్లు ఎవురో ఉన్నట్టే కదా అంది. నాతో అన్న మాట కాదు. తనతోనే అనుకుంది. మెల్లగా చేతులు జోడించింది. కదిరమ్మ చేతులు జోడించడం నేను చూడలేదు ఎప్పుడూ.

రాయవేలూరుకు రానని సాయంత్రం తనే ఇంగ్లీషులో రాసింది. నాకు చదివి వినిపించింది. రిగ్రెట్ అనే మాట రెండుసార్లు వచ్చింది. అంటే ఏమని అడిగాను. చేసిన పనికి బాధపడేది అంది.

జూలై 7

పదో తేదీకి ఇంకా మూడు రోజులున్నాయి. చెప్పవచ్చు.

జూలై 10

చెప్పలేదు.

జూలై 16

కదిరమ్మ కర్నూలుకు బయలుదేరింది. మండీ లారీ వచ్చింది. నా రేకుపెట్టె కూడా సర్దుకుని గడప దగ్గర పెట్టుకున్నాను. అత్త చూసింది. ఇదెవురిది అంది. నాది అన్నాను. యాడికి అంది. తోడుగా పంపుతామన్నారు కదా అని మెల్లగా అన్నాను. ఈ ఇంట్లో నేను అంత పొడుగు మాట అనడం అదే మొదలు.

నువ్వు పోతే ఈడ నీళ్లెవురు మోస్తారు, మీ నాయనా అంది అత్త. వండేకి రంగన్న పెండ్లాం ఉండాది గదా, పోయి ఆ మూట ఎత్తియ్యి అంది. ఆయన నా పెట్టె తీసుకుపోయి లోపల పెట్టాడు. నేను మూట ఎత్తించాను.

కదిరమ్మ నన్ను కావలించుకుని, నువ్వొస్తే ఎంత బాగుండు వదినా అంది. లారీ దుమ్ము తగ్గాక బిందె తీసుకుని వంకకు పోయాను.

అక్టోబర్ 24

వాన లేదు. సెనక్కాయ విత్తనం నేలలోనే మాడిపోయింది.

ఈరోజు తిప్పమ్మ, ఇంకా నలుగురు ఆడవాళ్లు వచ్చారు. నల్లమ్మా, నీ చేతికి అమ్మ పలుకుతాదంట, వాన పడుతాదో లేదో పువ్వంటించి అడుగు తల్లీ అన్నారు. తిప్పమ్మ నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద. నా కాళ్లకు వంగింది. భయమేసి, ముట్టయ్యానని అబద్ధం చెప్పాను. ఇంక మూడు రోజులు పశువుల కొట్టం పక్కన కూర్చోవాలి.

1962 ఫిబ్రవరి 6

ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరాయి, లోకం మునిగిపోతుందన్నారు. మునగలేదు. మునిగితే నీళ్లయినా ఉండేవి.

మార్చి 11

రంగన్న వచ్చి పోయాడు. కదిరమ్మకూ అంజినప్పకూ పెళ్లి. మే నెలలో, పరీక్షలు కాగానే. వయసు పిల్లోడుండే ఇంట్లో వయసు పిల్ల ఉంటే నలుగురూ నాలుగు మాటలంటాండారు, మేనరికమే కదా, మూడు ముళ్లు పడితే ఎవుని నోరూ లేయదు అన్నాడు. మరి చదువు అని మామ అడిగాడు. చదువుకోనీ బావా, డాక్టరమ్మ మొగుడని మావోనికి గౌరవమే గదా అని నవ్వాడు. అత్త ముందే బెల్లం తెప్పించి పెట్టింది.

రాయవేలూరైతే ఆమె హాస్టల్లో ఉండేది.

మే 20

పెళ్లి అయింది. తలకు నూనె రాస్తూ, నీకు ఇష్టమేనా అని కదిరమ్మను అడిగాను. అమ్మ కర్నూలు చూపించింది గదా వదినా, ఇదీ దాంట్లోదే అయింటాది అంది. మంగళవారం మంగళవారం అక్కడ ఏదో అమ్మవారి గుడికి పోతోందట. మునుపు నన్ను ఎగతాళి చేసిన పిల్ల. ఆమె జుట్టులో నా వేళ్లు ఆగిపోయాయి. ఏం వదినా అంది. చిక్కుపడింది అన్నాను.

జూలై 30

కదిరమ్మ కార్డు రాసింది. క్లాసులో ఎముకలు చదువుతున్నారట. ఒక సంచి నిండా నిజం ఎముకలు ఇంటికి తెచ్చుకుందట. అంజినప్ప తల్లి చూసి ఇల్లంతా కడిగించిందట. కార్డులో నవ్వింది. చానాళ్లకు నవ్వింది.

నవంబర్ 4

కదిరమ్మకు ఐదో నెల. కాలేజీకి పోవడం లేదు. కడుపుతో ఉన్న మనిషి శవాల గదిలోకి పోకూడదని వాళ్ల అత్త ఆపేసిందట. కాన్పయ్యాక చూద్దామన్నారట. ఈ మాట మామ చెప్పాడు. చెప్పి చేనివైపు పోయాడు. చేన్లో ఏమీ లేదు. ఊరికే పోయాడు.

1963 మార్చి 3

కదిరమ్మకు ఆడబిడ్డ. పురిటికి వచ్చి నెల అయింది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నొప్పులు. మంత్రసాని బయమ్మ ఒకవైపు, నేను ఒకవైపు. ఈసారి తల నా ఒళ్లో ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా కదిరమ్మ ఇంగ్లీషులో ఏవో పేర్లు చెప్పుకుంది. దయ్యం పట్టిందేమో చూడమ్మే అంది బయమ్మ. కాదు, అవి నడుము ఎముకల పేర్లని తర్వాత కదిరమ్మే చెప్పింది. బిడ్డ ఏ ఎముక దాటి ఏ ఎముక దగ్గరికి వచ్చిందో ఆమెకు తెలుసు. తెలిసి కూడా చేయగలిగింది లేదు. అంతవరకే చదివింది.

ఇద్దరూ బతికారు. నేను కొట్టంలోకి పోయి ఏడ్చాను.

ఏప్రిల్ 9

బిడ్డ నా దగ్గరే ఉంటుంది. నీళ్లు పోసేది నేను, ఉయ్యాల ఊపేది నేను. పాలకు తప్ప తల్లి దగ్గరికి పోదు. నీ బిడ్డే వదినా, తీసుకోపో అంటుంది కదిరమ్మ. ఈ నెల రోజులుగా నేను చెలమ దగ్గర కూడా పాడుకుంటున్నాను.

మే 19

కర్నూలు కాలేజీలో కదిరమ్మ పేరు ఇంకా కొట్టేయలేదట. జూలైలో వస్తే చేర్చుకుంటామని లెటర్ వచ్చింది. మామ చదివి వినిపించాడు. కదిరమ్మ బిడ్డకు పాలిస్తూ విని, వద్దులే నాయనా అంది. ఎందుకు వద్దు అన్నాడు మామ. అమ్మ నన్ను కర్నూలుకు పంపింది డాక్టరు చేసేకి కాదు, ఈ ఇంటికి చేర్చేకి అంది. మామ లెటర్ మడిచి పెట్టుకున్నాడు.

ఇంక ఆగలేకపోయాను. మామ పోయాక ఆమె ముందు కూర్చుని చెప్పాను. అమ్మ పంపలేదు, నేను పంపినా అన్నాను. కదిరమ్మ నవ్వి, నన్ను ఊరడించేకి చెప్తాండావు అంది. కాదు, గంజి అన్నాను. నీ చీరకు పెట్టిన గంజి. ఎడమ పువ్వుకు పూసినా. మరక ఇంకా ఉండాది, పసుపు గీకి చూడు. అమ్మ మాట అని నువ్వు కాలేజీ మానుకోవద్దు, అది అమ్మ మాట కాదు.

నవ్వు పోయింది. ఎందుకు అని అడిగింది. నన్ను తోడుగా పంపుతామన్నారు, అందుకు అన్నాను.

బిడ్డ పాలు తాగడం ఆపి నిద్రపోయింది. కదిరమ్మ దాని మూతి తుడిచింది. చాలాసేపు తుడుస్తూనే ఉంది. తర్వాత, ఆ గంజి నీ చేతికిచ్చింది ఎవురు వదినా, అమ్మే గదా అంది. మరి కాలేజీ అన్నాను. అది అయిపోయిందిలే అంది. నా ముఖం చూడకుండా అంది.

మే 26

కదిరమ్మను కర్నూలు బస్సెక్కించాం. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. చంకలో బిడ్డతో ఎక్కలేక అటూ ఇటూ చూసింది. నేను చేతులు చాపాను. లోపల కిటికీ దగ్గర ఎవరో ముసలామె కూర్చుని ఉంది, మాకు తెలియని మనిషి. బిడ్డను ఆమె చేతికి అందించి, ఎక్కింది.